తెల్ల నేల మీద ఎర్ర నేల

ఖరగ్‌పూర్‌లో ఇంటి గోడకి గడియారం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. వర్క్‌షాపు సైరను కూసిందంటే తెల్లవారినట్టు, మళ్ళీ కూసిందంటే మధ్యాహ్నమైనట్టు. ఆ కూత విని ఆడవాళ్ళు ఎసరు పెట్టేవారు, పిల్లలు బడికి బయల్దేరేవారు, ముసలివాళ్ళు మందులు మింగేవారు. మధ్యాహ్నం కూతకి గేట్లు తెరిచేసరికి సైకిళ్ళు గట్టు తెగిన నీళ్ళలా వచ్చి రోడ్లన్నీ నింపేసేవి. వాటిలో తీతు సైకిలు ఎప్పుడూ ముందు వరసలోనే కనిపించేది. మనిషి మంచివాడే కాని ఆకలికి ఆగలేడు.

తీతుది క్యారేజ్ షాపు. రైలుపెట్టెలకి నేలలు వేసే గ్యాంగులో మేస్త్రీ. దేశమంతా తిరిగొచ్చిన పెట్టెలు అక్కడికి మరమ్మత్తుకి చేరేవి. జనం వాటిలో టీలు ఒలకబోసి, కిళ్ళీలు ఉమ్మి, వాననీళ్ళు తొక్కి, నేలల్ని నాశనం చేసి పంపించేవారు. అయినా పాత నేలంతా పీకి పారేయడమంటే తీతుకి గిట్టేది కాదు. మోకాళ్ళ మీద కూర్చుని సుత్తిపిడితో జానెడు జానెడు కొట్టి వినేవాడు. బోలుగా పలికిన చోట పుచ్చిన చెక్క కోసి తీసేసేవాడు. గట్టిగా ఉన్నదాన్ని ముట్టుకునేవాడు కాదు, దాని మీదే కొత్తది పరిచి అంటించి చేతులు దులుపుకునేవాడు. బతుకంతా పాత నేల మీద కొత్త నేల వేసినవాడికి, ఈ లోకంలో ఏ ఇబ్బందికైనా పైన ఇంకో వరస వేసేస్తే సరిపోతుందనే నమ్మకం కూడా కుదిరింది. అందులో అతన్ని తప్పుపట్టడానికి లేదు, అంతకాలం అలాగే సరిపోయింది మరి.

ఇంటి దగ్గర అతనికొక అలవాటుండేది. గేటు దగ్గర సైకిలు దిగీ దిగకముందే "రత్నం!" అని ఒక్క కేక వేసేవాడు. కోపంతో వేసే కేక కాదది. షాపులో రివెట్ల మోత మధ్య బతికినవాడు మెల్లిగా పిలవడం మర్చిపోయి చాలాకాలమైంది, పైగా చెవులు కూడా కొంచెం మందగించాయి. అతను సైకిలు గోడకి ఆనించి, కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చునేసరికి కంచం ముందుండాలి. ఉండేది కూడా. భార్య జ్ఞానరత్నం చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి వచ్చేది. ఇది వాళ్ళింట్లో గాని, ఇరుగుపొరుగులో గాని ఎవరికీ వింతగా అనిపించలేదు. సైరను కూస్తే ఏ ఇంట్లోనైనా అదే హడావుడి.

జ్ఞానరత్నం కూడా రైలు పిల్లే. ఆమె తండ్రి స్టేషనులో చక్రాలు కొట్టి చూసే ఉద్యోగం చేసేవాడు. బండి ఆగగానే పొడవాటి పిడి ఉన్న సుత్తి పుచ్చుకుని ఒక్కొక్క చక్రాన్నీ కొట్టుకుంటూ పోయేవాడు. మంచి చక్రం గంటలా మోగుతుంది, పగులున్నది మూగగా పలుకుతుంది. చిన్నప్పుడు క్యారియరు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆమె ఆ మోత వింటూ ఉండేది. తండ్రి తల ఎత్తేలోపే ఏ చక్రంలో తేడా ఉందో చెప్పేసేదట. చర్చిలో పాట ఎత్తుకోవాల్సి వస్తే అందరూ ఆమె వైపే చూసేవారంటే ఆ చెవే కారణం.

ఎనభైల మధ్యలో వాళ్ళు న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టరు వదిలి ఝపటాపూర్‌లో సొంత ఇల్లు కట్టుకున్నారు. ముందు హాలు, దాని వెనక ఒక ఇరుకు గది, ఆ గదికి వెనక తలుపు, తలుపు దాటితే వంటపాక, నుయ్యి, చుట్టూ ప్రహరీ. ఇంటి పక్కన కాలువ పారే సందు ఒకటుంది గాని, తీతు లాంటి బక్కమనిషి పక్కకి తిరిగి నడిస్తేనే పట్టేది. అంటే పెరట్లోంచి వీధిలోకి రావాలంటే మామూలు మనిషికి హాలే దారి.

నేల దగ్గర మొగుడూ పెళ్ళాలకి మాట కుదరలేదు. జ్ఞానరత్నం పుట్టింటి క్వార్టరులో ఉన్నట్టు ఎర్ర సిమెంటు నేల కావాలంది. తీతు మాత్రం ఎవరో పెద్ద ఆఫీసరు బంగళాలో స్నానాల గది గోడలకి తెల్ల టైల్సు చూసొచ్చాడు. మొహం చూసుకునేంత నునుపు. ఏళ్ళ తరబడి ఊరివాళ్ళ నేలలు వేసినవాడి ఇంట్లో నేల తళతళలాడకపోతే పరువేం మిగులుతుందన్నాడు. గోడకి వేసే టైల్సు గోల్‌బజారులో కొనుక్కొచ్చి హాలు నేలకి పరిపించాడు. గదికి మాత్రం మామూలు సిమెంటుతో సరిపెట్టాడు. చూడొచ్చినవాళ్ళంతా చెప్పులు విప్పి, మడమలెత్తి నడిచి, ఆహా అన్నారు. తీతు ఆ ఆహాల మీద చాలాకాలం బతికాడు.

తొంభై మూడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం సైరను కూసింది. సైకిళ్ళొచ్చాయి. తీతు గేటు దగ్గర కేక వేశాడు. మరు నిమిషంలో లోపల ఏదో దభేలుమని పడ్డ చప్పుడు అతని మందపు చెవులక్కూడా వినిపించింది. హాలు మధ్యలో జ్ఞానరత్నం పడి ఉంది. తెల్ల టైల్సు మీద తడి అడుగులు నూతి వైపు నుంచి అక్కడిదాకా ఉన్నాయి. తుంటి ఎముక విరిగింది.

రైల్వే ఆస్పత్రిలో ఎముక అతికింది. కొన్నాళ్ళకి కర్ర పట్టుకుని, తర్వాత కర్ర లేకుండా గదిలో నడిచింది, వంటపాకలోకి వెళ్ళింది, నూతి దగ్గరికి వెళ్ళింది. హాలు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయింది. డాక్టరు బాగా నడవాలన్నాడు. పక్కింటి కృపమ్మ చెయ్యి పట్టుకుని నడిపిస్తానంది. జ్ఞానరత్నం నవ్వి, రేపు చూద్దాంలే అనేది. ఆ రేపు రాలేదు. చర్చికి వెళ్ళడం మానేసింది. పాస్టరుగారే నెలకోసారి రొట్టె, ద్రాక్షారసం ఇంటికి తెచ్చి, గది గుమ్మంలో నిలబడి ఇచ్చి వెళ్ళేవారు. హాల్లో ఇంటి ప్రార్థన జరిగితే ఆమె గదిలో మంచం మీద కూర్చుని పాడేది. పాట మాత్రం హాల్లోకి వచ్చేది.

తీతు ఆ టైల్సుని తిట్టని రోజు లేదు. వాటిని కొన్న రోజుని తిట్టాడు, అమ్మినవాణ్ణి తిట్టాడు, ఆ ఆఫీసరు స్నానాల గదిని కూడా వదల్లేదు. వాటిమీద గోనెపట్టాలు పరిచాడు. ఆమె రాలేదు. కొబ్బరిపీచు చాప కొనుక్కొచ్చి వేశాడు. చాప చూసి బాగుందంది గాని రాలేదు. తొంభై ఐదులో రిటైరయ్యాడు. రిటైరైనవాడికి సైరనుతో పనేముంది? కాని కడుపుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం కూత వినగానే వీధి అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే "రత్నం!" అనేవాడు. గదిలోంచి ఆమె, అంతా వడ్డించే ఉంది నువ్వే రా, అనేది. హాలు దాటుకుని తనే వెళ్ళి తినేవాడు. తింటూ, ఈ మనిషి మళ్ళీ వీధి గుమ్మం తొక్కకుండానే పోతుందేమోనని దిగులుపడేవాడు. ఆ దిగులు అతన్ని నిజంగా తినేసింది. పెళ్ళాం లేకుండా చర్చి బెంచీ మీద కూర్చున్నప్పుడల్లా పక్కన ఖాళీ కనిపించి పాట నోట్లోంచి వచ్చేది కాదు.

మరుసటి ఏడు వానలు తగ్గాక అతనొక నిర్ణయానికి వచ్చాడు. ఆమె అడిగిన ఎర్ర సిమెంటు నేలే వేస్తాడు. నున్నగా రుద్దడు, గరుకుగా వదిలేస్తాడు, తడికాలుతో పరిగెత్తినా పట్టుకునేట్టు.

ఇందా పేట నుంచి నిమాయ్ అనే బెంగాలీ తాపీ మేస్త్రీని పిలిచి చూపించాడు. నిమాయ్ చుట్టూ చూసి, టైల్సన్నీ పగలగొట్టి ఎత్తేయాలి దాదా, అన్నాడు. తీతు ఒప్పుకోలేదు. పగలగొడితే కింద పోసిన మట్టి కదులుతుంది, ఇల్లంతా దుమ్ము రేగుతుంది, ఆమెకి అసలే దగ్గు. పాతది గట్టిగా ఉండగా పీకడం తన చేత్తో ఎన్నడూ చెయ్యలేదని, పైనే వేసుకుంటానని చెప్పాడు. అలాగైతే మీరే వేసుకోండి, అని నిమాయ్ టీ తాగి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ గది తలుపు వైపు ఒకసారి చూశాడు. ఏదో అనబోయి, తన సలహా ఎలాగూ వినేవాడు కాదనుకున్నాడో ఏమో, ఊరుకున్నాడు.

సాయానికి సొలొమోను వచ్చాడు. అతనూ క్యారేజ్ షాపులో నేలల గ్యాంగే, తీతు కంటే ఏడాది ముందు రిటైరైనవాడు. ఇద్దరికీ చేతులు దురదపెడుతున్నాయి. దుమ్ము లోపలికి పోకుండా తీతు గది తలుపు దగ్గరికి వేసేశాడు. ఆమెకి ఇంక వెనక తలుపు, వంటపాక, పెరడు. తనకి పక్క సందు ఉంది.

మొదటి రోజు టైల్సు కొట్టి వినడం. తీతు సుత్తిపిడితో ఒక్కొక్క దాన్నీ కొడుతూ, చెవి వంచి, గట్టిదే, గట్టిదే, అనుకుంటూ పోతున్నాడు. మూసిన తలుపు వెనక నుంచి జ్ఞానరత్నం గొంతు వినిపించింది.

"మావా, ఎనక్కెళ్ళు. ఇప్పుడు కొట్టినాది మళ్ళీ కొట్టు."

కొట్టాడు. అతనికి తేడా తెలియలేదు. సొలొమోను కూడా చెవి పెట్టి, బాగానే ఉందన్నాడు. ఆమె మాత్రం అది బోలని గట్టిగా చెప్పింది. తీతు ఉలి పెట్టి లేపితే టైలు కింద సిమెంటే లేదు, చేరెడు ఖాళీ. అక్కడి నుంచి పని తీరే మారింది. తీతు కొట్టడం, లోపలి నుంచి ఆమె ఊఁ అనడమో, ఊహూఁ అనడమో. ఊహూఁ అన్నవి పీకి, గుంటల్లో సిమెంటు కూరాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత తండ్రితో ప్లాట్‌ఫారం మీద నడుస్తున్నట్టుందని ఆమె తర్వాత కృపమ్మతో చెప్పుకుందట. తీతుకి మాత్రం ఇంకొకటి తోచింది. ఇంత హుషారుగా మాట్లాడుతోందంటే నేల పూర్తయ్యేసరికి తప్పకుండా వస్తుంది.

మర్నాటి నుంచి టైల్సు నునుపంతా పోయేట్టు ఉలితో గాట్లు పెట్టారు. నున్నటి దాని మీద సిమెంటు నిలవదు, కాళ్ళూ నిలవవు, రెండూ ఒకటే, అని తీతు గొణుక్కున్నాడు. బాగా కడిగి, చిక్కటి సిమెంటు పాలు పూసి, అది ఆరకముందే సన్నకంకర కలిపిన సిమెంటు పోశారు. రెండు వేళ్ళ మందం. పైన ఎర్ర రంగు కలిపిన పూత. చెక్కబద్దతో రుద్ది, గరుకు అలాగే ఉంచారు. గోడల అంచులకి, గది తలుపు అంచుకి చక్కగా ఒదిగేట్టు పోశారు. ఆ తర్వాత చుట్టూ మట్టిగట్లు కట్టి నీళ్ళు నిలబెట్టారు. వారం పాటు ఆ ఎర్రనీళ్ళ మడుగుకి తీతే కాపలా. పిల్లిని కూడా రానివ్వలేదు.

నీళ్ళు తోడేసి, నేల ఆరాక, ఒక పొద్దున్న తీతు కాళ్ళు కడుక్కుని, తుడవకుండానే, కావాలనే తడి పాదాలతో హాల్లో అటూ ఇటూ నడిచాడు. జారలేదు. కొంచెం పరిగెత్తి కూడా చూశాడు. అరవై దాటబోతున్న మనిషి ఖాళీ హాల్లో పరిగెత్తడం ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని వీధి వైపు ఒకసారి చూసుకుని, గది తలుపు దగ్గరికి వెళ్ళి గొళ్ళెం తియ్యమన్నాడు. లోపల గొళ్ళెం తీసిన చప్పుడైంది. తలుపు లాగాడు.

తలుపు రాలేదు.

ఇంకా గట్టిగా లాగాడు. ఆమె లోపలి నుంచి తోసింది. కదల్లేదు. అప్పుడు తీతు కిందికి చూశాడు. ఆ గది ఇరుకు, లోపల మంచం అడ్డొస్తుందని ఇల్లు కట్టినప్పుడే తలుపు హాల్లోకి తెరుచుకునేలా పెట్టించాడు. లోపలి గదికి గడప పెట్టించలేదు. ఇప్పుడు హాలు నేల రెండు వేళ్ళు లేచి తలుపు అడుగుని చక్కగా బిగించి పట్టుకుంది. వీధి తలుపుకి ఎత్తైన గడప ఉంది గనక అది బతికిపోయింది.

తీతు తల పట్టుకున్నాడు. ఇంతకాలం పనిచేసిన ఇద్దరు మేస్త్రీలకి తలుపు సంగతి తట్టకపోవడం విన్నవాళ్ళకి విడ్డూరంగా ఉంటుంది. కాని వాళ్ళని వాళ్ళ షాపు అలా పెంచింది. రైలుపెట్టెలో ముందు నేల పడుతుంది, తలుపులు ఆఖర్న కార్పెంటర్ల గ్యాంగు వచ్చి బిగిస్తుంది. తలుపు గురించి ఆలోచించడం నేలలవాడి పని కాదు, ఆలోచిస్తే కార్పెంటర్లు ఊరుకోరు కూడా. సొంతింట్లో కార్పెంటరు గ్యాంగు ఉండదని ఇద్దరిలో ఒక్కడికీ గుర్తు రాలేదు. నిమాయ్ ఏమనబోయి ఊరుకున్నాడో తీతుకి ఇప్పుడు అర్థమైంది.

చేసేదేముంది, తలుపు ఊడదీయాలి. మడతబందులు హాలు వైపే ఉన్నాయి. వాటిలో సీలలు పైకి కొట్టేస్తే తలుపు పైభాగం హాల్లోకి వాల్చి ఎత్తెయ్యొచ్చు. సీలలు తుప్పు పట్టి ఉన్నాయి. కిరసనాయిలు పోసి, నానేదాకా ఆగి, మేకు పెట్టి కొట్టడం మొదలెట్టాడు. తలుపుకి అవతల జ్ఞానరత్నం స్టూలు జరుపుకుని కూర్చున్న చప్పుడైంది. తీతు కొడుతూనే కొత్త నేల గురించి చెప్పుకొచ్చాడు. తడికాళ్ళతో నడిచి చూశానన్నాడు. ఆమె కోరిన రంగే వచ్చిందన్నాడు. వచ్చే ఆదివారం నెమ్మదిగా చర్చికి వెళ్దామన్నాడు. పైసీల ఊడింది. అప్పుడు అవతల నుంచి ఆమె మాట వచ్చింది.

"సుత్తి ఆపు మావా. ఒక మాట సెప్తాను."

తీతు ఆపాడు.

"ఆ దినం నన్ను పడేసినాది టైల్సు కాదు."

"మరేటి?"

"నువ్వు గేటుకాడ కేకేసినావు. నాను నూతికాడ బట్టలు జాడిస్తన్నాను. హాల్లో కంచం పెట్టాల గదాని పరిగెట్టినాను, కాళ్ళు తుడుసుకోనేదు. మట్టినేలైనా పడిపోదును."

తీతు చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది. మూడేళ్ళుగా తిట్టిన టైల్సన్నీ ఎర్ర సిమెంటు కింద ఉన్నాయి. వాటి మీద పెట్టడానికి ఇంక నేరమేదీ లేదు. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాడు. గొంతు అతనికే వినిపించనంత మెల్లిగా వచ్చింది.

"ఏటని సెప్పను? నువ్వా టైల్సుని తిట్టుకుంటా కూకుంటే, నీ మొకం సూసి సెప్పలేకపోయినాను. ఇప్పుడు తలుపు అడ్డం ఉంది, సెప్పినాను."

వీధిలో ఎవడో పాత సామాన్లవాడు అరుచుకుంటూ పోయాడు. మరి ఇన్నాళ్ళూ హాల్లోకి ఎందుకు రాలేదని తీతు అడిగాడు. నేల కాకపోతే భయం దేనికని అడిగాడు.

"నువ్వు సైరనుకి ఇప్పటికీ పిలుస్తావు గదా. నువ్వు పిలిస్తే నా కాళ్ళు నా మాటినవు, పరిగెడతాయి. గదిలో ఉంటే మంచంకోడు పట్టుకుని ఆపుకుంటన్నాను. హాల్లో ఏటి పట్టుకోను?"

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే తీతు తట్టుకునేవాడేమో. పగులున్న చక్రం సంగతి తండ్రికి చెప్పినట్టు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తీతు కాసేపు కొత్త నేల మీద చతికిలబడి కూర్చుండిపోయాడు. బతుకంతా సుత్తిపిడితో నేలల్ని కొట్టి విన్న మనిషి. ఇంట్లో ఒక మనిషి మంచంకోడు పట్టుకుని రోజూ ఆపుకుంటూ ఉంటే వినలేకపోయాడు. సిగ్గుతో అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తప్పయిపోయింది రత్నం, అన్నాడు. అవతల నుంచి ఆమె, సరే, ముందు తలుపు తియ్యి, అంది.

లేచి మిగిలిన సీలలు కొట్టాడు. ఆఖరిది మొండిది, చాలాసేపు పట్టింది. తలుపు పైభాగం తనవైపు వాల్చి, ఎత్తి, గోడకి ఆనించాడు. ఖాళీ గుమ్మంలో జ్ఞానరత్నం నిలబడి ఉంది. అన్ని రోజుల తర్వాత హాల్లోంచి ఆమెని చూడటం అదే మొదలు. ఆమె కళ్ళు నేల మీద ఉన్నాయి. రంగు చూసి ఆమె మొహంలో చిన్న వెలుగు వచ్చింది, కాలు మాత్రం కదల్లేదు. ఒక చెయ్యి గుమ్మాన్ని పట్టుకునే ఉంది.

సరిగ్గా అప్పుడే మధ్యాహ్నం సైరను కూసింది.

తీతు నోరు తెరుచుకుంది. దాని తప్పు కాదు, అలవాటు. ఆమె వేళ్ళు గుమ్మం మీద బిగుసుకోవడం అతను చూశాడు. మూడేళ్ళుగా రోజూ జరుగుతున్నది మొదటిసారి చూశాడు. నోరు మూసుకున్నాడు. రా రత్నం, అని మెల్లిగా అనాలనిపించింది. అదీ పిలుపే అవుతుందని తోచి మానుకున్నాడు.

ఆమెని దాటుకుని గదిలోంచి వంటపాకలోకి వెళ్ళాడు. రెండు కంచాల్లో అన్నం, పప్పు, వంకాయకూర తనే వడ్డించుకున్నాడు. వడ్డించడం చేతగాక పప్పు కూరలో కలిసిపోయింది. కంచాలు తెచ్చి హాలు మధ్యలో కొత్త నేల మీద ఎదురెదురుగా పెట్టి, ఒకదాని ముందు తను కూర్చున్నాడు. ఆమె వైపు చూడలేదు. చూస్తే అది కూడా తొందరపెట్టినట్టే ఉంటుందేమోనని గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ కూర్చున్నాడు. అన్నం మీద ఆవిరి తగ్గింది. కడుపు అరుస్తోంది. బయట సైకిళ్ళ గంటలు మొదలయ్యాయి, దగ్గరికొచ్చాయి, ఇంటి ముందు నుంచి పోతున్నాయి. తీతు చెయ్యి కంచంలో పెట్టలేదు.

అడుగు చప్పుడు అతని చెవులకి అందలేదు. క్యాలెండరు మీద నీడ కదిలితే తెలిసింది. జ్ఞానరత్నం నేల మీదికి ఎక్కింది. ఒక అడుగు వేసి ఆగింది. పాదం అటూ ఇటూ రాసి చూసింది. ఇంకో అడుగు వేసింది. కంచాల దగ్గరికి వచ్చాక కూర్చుంటుందనుకున్నాడు. కూర్చోలేదు. వాటిని దాటింది. దేన్నీ పట్టుకోకుండా, దేనికీ తొందరపడకుండా వీధి గుమ్మం దాకా నడిచి, ఎత్తు గడప దాటి అరుగు మీదికి వెళ్ళి నిలబడింది. ఎండ మొహాన పడితే కళ్ళు చికిలించింది. రోడ్డు మీద సైకిళ్ళు పోతున్నాయి. కృపమ్మ మొగుడు సైకిలు ఆపి, బ్రేకు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే చూస్తూ ఉండిపోయాడు. ఆమె నవ్వి అతనికి తలూపింది. చాలాసేపు అలా చూసి, అరుగు మీద కూర్చుంది.

"నా కంచం ఇలా తే మావా," అంది తల తిప్పకుండా.

తీతు ఒక్క ఉదుటున లేచాడు. రెండు కంచాలూ రెండు చేతుల్లో పట్టుకుని గుమ్మం వైపు పరిగెత్తబోయాడు. జ్ఞానరత్నం అప్పుడు వెనక్కి తిరిగి చూసింది.

"నెమ్మదిగా రా," అంది. "నాను ఇక్కడే ఉంటాను."